డీజిలు బండి చప్పుడు

కర్నూలు జిల్లాకు పడమటి కొసన ఆలూరు అను ఊరు కలదు. 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడునంత వరకు ఆలూరు తాలూకా బళ్ళారి జిల్లాలో నుండెను. ఆదోని, రాయదుర్గము తాలూకాలతో పాటు నాడే ఆంధ్రమున చేరినది. ఊరి చుట్టును నల్లరేగడి నేలలు. ప్రత్తి, జొన్న, సెనగ, బుడ్డలు అచటి పంటలు. వేరుసెనగను ఆ సీమవారు బుడ్డలనియే యందురు. మఱియొక పేరు పెట్టి అడిగినచో అంగడివాడు ఒక క్షణము ఆలోచించును. వాన కురిసిన సంవత్సరము ఆ నేల బంగారము. కురియని సంవత్సరము నెఱ్ఱెలు విచ్చిన నల్లని బయలు. చెట్లు తక్కువ, కొండలు దూరము. అందుచే అచట కంటికి అడ్డము లేదు. చెవికిని అడ్డము లేదు.

ఆలూరికి రైలు లేదు. బాట ఊరికి తూర్పుగా కొన్ని క్రోసుల దూరమున సాగిపోవును. గుంతకల్లులో బయలుదేరి మొలగవల్లి, ఆస్పరి, ఆదోని, కోసిగి స్టేషనుల మీదుగా తుంగభద్ర యొడ్డు చేరి, వంతెన దాటి, రాయచూరునకు పోవును. మదరాసు రైల్వే కంపెనీవారు వేసిన ఈ బాట 1871లో రాయచూరు వద్ద బొంబాయి వైపు నుండి వచ్చిన బాటను కలిసికొనెను. నాటి నుండి మదరాసునకును బొంబాయికిని నడుమ ఇది రాజమార్గమైనది. ఆ దారిని పరుగిడు మెయిలు బండ్లకు ఆలూరి పేరు తెలియదు. ఆలూరు, ఆస్పరి ప్రాంతముల పల్లెవారికి మాత్రము ఆ బండ్లన్నియు తెలిసియుండెను. చూచి కాదు, విని.

ఆ వినికిడి ఇప్పుడు మాఱిపోయినది. బాట పొడవునను స్తంభములు నాటి, పైని తీగలు కట్టి, విద్యుత్తు ఇంజనులను నడుపుచున్నారు. అవి వచ్చునపుడు ఒక గాలివీపు, పోవునపుడు చక్రముల గలగల. అంతకు మించి చెవికి దొరకునది లేదు. డీజిలు ఇంజనుల కాలము నెఱిగినవారు ఆ పాత చప్పుడును తలచికొనుచున్నారు. యంత్రము మీద మనుష్యునికి మమకారమేమి యని నవ్వువారు నవ్వుదురు. నవ్వుటకు ముందు ఆ చప్పుడు ఎట్టిదో, అది ఆ సీమవారికి ఏమి చెప్పుచుండెడిదో తెలిసికొనుట మంచిది.

మొదటి తొంబది యేండ్లు ఆ బాటను ఏలినది ఆవిరి ఇంజను. దాని అందమును గూర్చి వ్రాసినవారు పెక్కుమంది. దాని దాహమును గూర్చి వ్రాసినవారు తక్కువ. పెద్ద ఇంజను ఒక్కొక్కటి తన వెనుకనున్న తొట్టిలో వేల గాలనుల నీటిని మోసికొని పోయి, కొన్ని గంటలలో త్రాగివేసి, మరల నీరు కోరును. కడవెడు నీటికై ఆడువారు మైళ్ళు నడచు సీమ అది. బావులు అడుగంటిన వేసవిలో, స్టేషనునందలి ఏనుగు తొండము వంటి గొట్టము నుండి ఇంజనులోనికి నీరు ధారగా పడుచుండుటను ఆ ఆడువారు నిలిచి చూచెడివారు. బొగ్గు సింగరేణి వంటి దూరపు గనుల నుండి రావలెను. చల్లారిన ఇంజనును కదలింపవలెనన్న కొన్ని గంటల ముందే నిప్పు రాజేయవలెను. అయినను దానికి అన్యాయము చేయరాదు. 1876–78 నాటి మహాక్షామమున ఈ సీమకు ధాన్యమును మోసి తెచ్చినది ఆవిరి బండియే.

మన దేశమున పెద్ద బాటలపై బరువు బండ్లను లాగు డీజిలు ఇంజనులు 1957–58లో అమెరికా నుండి వచ్చినవి. 1962లో అదే దేశపు ఆల్కో కంపెనీ నుండి మఱియొక రకము వచ్చెను. దానికి రైల్వేవారు పెట్టిన పేరు డబ్ల్యూ.డి.ఎం.-2. ఈ అక్షరముల కర్థము కష్టమైనది కాదు. మొదటిది వెడల్పు బాటను, రెండవది డీజిలును, మూడవది ప్రయాణికుల బండినైనను సరకుల బండినైనను లాగగల స్వభావమును తెలుపును. పదునాఱు సిలిండరులు, 2,600 అశ్వశక్తి, నూటపండ్రెండు టన్నుల బరువు. వారణాసిలో స్థాపింపబడిన కర్మాగారమున 1964 జనవరిలో ఈ రకపు మొదటి ఇంజను వెలువడెను. ఇందొక విచిత్రము గలదు. ఆల్కో కంపెనీ 1969లో అమెరికాలో ఇంజనుల నిర్మాణమునే మానివేసినది. పుట్టింట దీపము ఆఱినను మెట్టినింట ఆ వంశము దశాబ్దముల తరబడి వర్ధిల్లెను. గుంతకల్లునకు పొరుగున నున్న గుత్తిలో 1960ల దశాబ్దమున డీజిలు షెడ్డు వెలసినది. అచటి ఇంజనులు ఆదోని దారిని రాకపోకలు సాగించుచు పల్లెవారికి పరిచితములైనవి.

క్రొత్తగా వచ్చినపుడు ఈ ఇంజనును ఎవరును ప్రేమింపలేదు. ఇది మఱచిపోదగిన మాట కాదు. ఆవిరి ఇంజనుపై తలలు నెరసిన డ్రైవరులు దీనిని పెద్ద లారీ యని వెక్కిరించిరి. నిప్పు కనబడదు, ఆవిరి కనబడదు, చక్రముల ప్రక్కన ముందు వెనుకలాడు కడ్డీలు కనబడవు. ఇదియు ఒక ఇంజనేనా యని పెదవి విఱిచిరి. పొలములలోని ఎద్దులు దాని హారనుకు బెదరి కాడి పడవైచెను. పిల్లలు మాత్రము రెండు దినములలో అలవాటు పడిరి. ఆ పిల్లలే నేడు ముసలివారై డీజిలు బండి కొఱకు నిట్టూర్చుచున్నారు.

డీజిలు ఇంజను చక్రములను తానే త్రిప్పునని చాలమంది తలంతురు. అది నిజము కాదు. దాని గర్భమున నూనె మండి ఒక పెద్ద ఇరుసును త్రిప్పును. ఆ ఇరుసు విద్యుత్తును పుట్టించు జనరేటరును త్రిప్పును. అచట పుట్టిన విద్యుత్తు క్రిందికి దిగి చక్రముల కడనున్న మోటారులను నడపును. కనుక డీజిలు ఇంజననగా చక్రముల మీద నడచు చిన్న విద్యుత్కేంద్రము. నేటి విద్యుత్తు ఇంజను దూరమున ఎచటనో పుట్టిన శక్తిని పై తీగ నుండి అందుకొనును. డీజిలు ఇంజను తన శక్తిని తన కడుపులోనే పుట్టించుకొని వెంట మోసికొని పోవును. ఆ పుట్టుక యొక్క నొప్పియే దాని చప్పుడు.

డ్రైవరు చేతి క్రింద ఒక పిడి యుండును. దానికి ఎనిమిది మెట్లు. రైల్వేవారు వానిని నాచ్‌లందురు. బండి నిలిచియున్నపుడు ఇంజను నిమిషమునకు 400 చుట్లు తిరుగుచు గుడుగుడుమనుచుండును. ఎనిమిదవ మెట్టున 1,000 చుట్లు తిరుగును. మెట్టు మెట్టునకు దాని గొంతు మాఱును. పిడిని తొందరపడి త్రిప్పినచో మఱియొక చిత్రము జరుగును. నూనె వెంటనే హెచ్చును గాని, దానిని మండించు గాలి వెంటనే హెచ్చదు. గాలిని లోనికి నెట్టు చక్రము, దానిని టర్బో యందురు, ఇంజను విడుచు వేడి పొగ చేతనే తిరుగవలసినది. అది వేగము పుంజుకొనుటకు కొన్ని క్షణములు పట్టును. అంతలో సగము మండిన నూనె నల్లని పొగయై గోపురమంత ఎత్తున లేచును. పిల్లలు చప్పట్లు కొట్టుట ఆ పొగను చూచియే. షెడ్డులోని పెద్దలకు కోపము వచ్చుటయు ఆ పొగను చూచియే, ఏలయన నూనె వృథాయైనది. నేర్పు గల డ్రైవరు పిడిని ఒక్కొక్క మెట్టే త్రిప్పును. అట్టి డ్రైవరు బండికి పొగ తక్కువ, పేరు ఎక్కువ.

తుంగభద్ర లోయను విడిచిన పిదప బాట ఆదోని వైపునకు ఎక్కుచు వచ్చును. బరువైన గూడ్సుబండి ఆ ఎక్కు నెక్కునపుడు ఇంజను గొంతు ఎట్లు బిగిసికొనునో, ఎక్కు తీఱిన పిదప ఎట్లు సడలునో కోసిగి గుట్టల నడుమ గొఱ్ఱెలు కాయువారికి బాగుగా తెలియును. కాలి బండియా, నిండు బండియా, మెయిలా, గూడ్సా, నిలుచునా, నిలువక పోవునా, ఇవన్నియు కన్నెత్తి చూడకయే చెప్పగలిగెడివారు. ఇందు మాయ యేమియు లేదు. ఇంజను పడు శ్రమ ఎంతయో దాని గొంతు అంతయు చెప్పుచుండెడిది. బండి మోయు బరువును బడి ముఖమెఱుగని గొఱ్ఱెల కాపరి సైతము చదువగలిగెడివాడు.

రాత్రివేళ ఆ చప్పుడు మఱింత దూరము పోయెడిది. దీనికి కారణము నిశ్శబ్దము మాత్రమే కాదు. ప్రొద్దు క్రుంకిన పిదప నేల త్వరగా చల్లబడి, దానిని అంటియున్న గాలియు చల్లబడును. పైని గాలి ఇంకను వెచ్చగనే యుండును. చల్లని గాలిలో కంటె వెచ్చని గాలిలో శబ్దము వేగముగా పోవును. అందుచే పైకి పోవలసిన చప్పుడు వంగి మరల నేలకు దిగును. చెట్టుచేమలు లేని రేగడి బయళ్ళపై, మాఘమాసపు రాత్రులయందు, రెండు మూడు క్రోసుల దూరమున నున్న బండి ఊరి వాకిట నున్నట్లు వినబడెడిది. ఆలూరులోనికిని వినబడెడిదని ఆ యూరి ముసలివారు కొందఱు సాధింతురు. అంత దూరము వినబడునా యని సందేహించినచో వారికి కోపము వచ్చును. అందుచే ఎవరును సందేహింపరు.

పొలములో గడియారము లేదు. ప్రత్తి ఏరు స్త్రీలకు ఉదయపు ప్యాసెంజరు చప్పుడు సద్దిమూట విప్పుకొను వేళ. సాయంకాలపు బండి చప్పుడు ఒడిలోని ప్రత్తిని కుప్పలో పోసి కూలి లెక్క చూచుకొను వేళ. బండి ఆలస్యమైన దినము పనియు ఆలస్యముగ ముగిసెడిది. ఇది న్యాయము కాదని కూలివారు ఎన్నడైన తగవుపడిరో లేదో కాని, బండి చప్పుడు వినబడిన తరువాత ఏ ఆసామియు వారిని మఱియొక సాలు ఏరుమనుటకు సాహసించెడివాడు కాడు. వినిపించిన మాటను అందఱును వినిరి గదా!

ఆలూరులో ఎనుబదియేండ్లకు చేరువైన విశ్రాంత డ్రైవరు ఒకరు కలరు. 1960ల చివర గుంతకల్లులో ఆవిరి ఇంజనులను తుడుచు పనిలో చేరి, కొన్నాళ్ళు బొగ్గు వేసి, పిదప డీజిలు నేర్చి, దాదాపు ముప్పదియేండ్లు నడపిన వ్యక్తి. ఆయనకు ఇప్పుడు ఒక చెవి సరిగా వినబడదు. అంతటి యంత్రమునకు రెండు మూడు గజముల దూరమున రాత్రింబవళ్ళు కూర్చున్నవారికి అది వింత కాదు. ఆయన దానిని ఎవరిపైనను నేరముగా మోపడు. “పొలము దున్నినోనికి చేతులు కాయలు కాయవా? మాకు చెవులు కాచినాయప్పా” అనును.

ఆయన చెప్పు సంగతులలో పరుగుల సంగతులు తక్కువ, నిలుచుటను గూర్చిన సంగతులు ఎక్కువ. వెనుక వచ్చు మెయిలునకు దారి యిచ్చుటకై గూడ్సుబండిని ఆస్పరి వంటి స్టేషనులో ప్రక్కబాటకు మళ్ళించి గంటల తరబడి నిలిపెడివారు. ఇంజనును ఆర్పివేసినచో మరల ప్రారంభించుట శ్రమ. అందుచే గుడుగుడుమనుచుండగనే విడిచెడివారు. ఆ గుడుగుడులో నూనె వ్యర్థమగుచుండెను. కాని ఆ గుడుగుడునకు జోలపాట వలె అలవాటు పడిన స్టేషను ప్రక్క యిండ్లలోని పసిబిడ్డలు బండి కదలిపోయిన వెంటనే మేలుకొని యేడ్చెడివారట. ఆయన తన సహాయకుని కావలియుంచి ప్లాటుఫారము మీద నడుము వాల్చెడివాడు. నిద్రలో సైతము ఆ గుడుగుడులో చిన్న తేడా వచ్చినచో లేచి కూర్చుండెడివాడు. పదునాఱు సిలిండరులలో ఒకటి సరిగా మండకున్నను లయ తప్పును; తాళము తప్పిన భజన వలె తోచును.

షెడ్డులలోని ఫిట్టరులదియు ఇదే విద్య. ఇనుప కడ్డీ యొక కొనను యంత్రమునకు ఆనించి, రెండవ కొనను చెవికి చేర్చుకొని, లోపల ఏ భాగము అరుగుచున్నదో చెప్పగలవారు కలరు. వైద్యుడు ఱొమ్ముపై గొట్టము నుంచి వినునట్లే ఇదియు. ఈ విద్య పుస్తకములందు వ్రాయబడినది కొంత; ఒకరి ప్రక్క మఱియొకరు ఏండ్ల తరబడి నిలిచి నేర్చుకొన్నది ఎక్కువ. అట్టి ఇంజను లేనినాడు అట్టి చెవి ఎచట తయారగును?

గుంతకల్లు సంగతి వేఱుగా చెప్పవలెను. వెడల్పు బాటలో రెండు పట్టాల నడుమ దూరము 1,676 మిల్లీమీటరులు. గుంతకల్లు నుండి బళ్ళారి, హుబ్బళ్ళి వైపునకును, ధర్మవరము, బెంగుళూరు వైపునకును, నంద్యాల, గుంటూరు వైపునకును పోవు బాటలు ఒకప్పుడు మీటరు వెడల్పువి. ఈ సన్నబాటలపై నడచిన డీజిలు ఇంజను వై.డి.ఎం.-4. ఆఱు సిలిండరులు, సుమారు 1,400 అశ్వశక్తి. పెద్దదానికి తమ్ముని వలె నుండెడిది. దాని గొంతు సన్నన కాదు, పగిలిన గొంతు. పెద్ద ఇంజను మృదంగమైనచో ఇది డప్పు. ఒకే జంక్షనులో రెండు గొంతులును వినబడుచుండుట గుంతకల్లువారికి నిత్యకృత్యము. చూచువారికి అది వేడుక; పనివారికి కాదు. ఒక వెడల్పు వ్యాగనులో వచ్చిన మూటను మఱియొక వెడల్పు వ్యాగనులోనికి మనుష్యుల వీపుల మీదుగా మార్చవలెను. ధాన్యపు బస్తాలు, ప్రత్తి బేళ్ళు అన్నియు అట్లే మాఱినవి. ఆ వీపులను తలచికొనినచో, సన్నబాటలు పోయినందుకు దుఃఖించుటకు ముందు కొంచెము ఆలోచింపవలసి వచ్చును.

దేశమంతట బాటల వెడల్పు ఒకటిగా నుండవలెనని 1992లో రైల్వేవారు పెద్ద సంకల్పము చేసిరి. అంతకు ముందు కొన్ని, ఆ పిదప కొన్ని, గుంతకల్లు చుట్టునున్న సన్నబాటలన్నియు వెడల్పైనవి. పని పోయిన వై.డి.ఎం.-4 ఇంజనులలో కొన్ని మలేషియాకు, మయన్మారునకు పోయి, అచటి మీటరు బాటలపై మరల కూలికి కుదిరినవి. తక్కినవి పాత ఇనుముగా అమ్ముడుపోయినవి.

తరువాత విద్యుత్తు వంతు వచ్చినది. స్తంభములు గుంతకల్లు నుండి ఆస్పరికి, ఆస్పరి నుండి ఆదోనికి నడచి వచ్చిన తీరును రైతులు దినదినమును చూచిరి. పైతీగలో 25,000 వోల్టుల విద్యుత్తు. క్రొత్త ఇంజనులు ఎక్కువ బరువును ఎక్కువ వేగముతో లాగుచున్నవి. వానిలో కొన్ని బండిని ఆపునపుడు చక్రముల వేగమును మరల విద్యుత్తుగా మార్చి తీగకు తిరిగి యిచ్చును. ఏ ముసలి ఇంజనును ఇట్టి పొదుపు ఎఱుగదు. డబ్ల్యూ.డి.ఎం.-2 తొట్టిలో 5,000 లీటరుల నూనె పట్టును. ఆ నూనెకు కావలసిన ముడిచమురును మన దేశము చాలవఱకు పరదేశముల నుండి కొనవలెను. 1973లో చమురు ధర లోకమంతట ఒక్కసారిగా హెచ్చినపుడు దాని బాధ మన దేశమునకును తెలిసినది. పొగ సంగతి చెప్పనక్కఱలేదు. బాట ప్రక్కన ప్రత్తి చేలున్నవారు తెల్లని కాయలపై మసి పడిన సంగతిని మఱచిపోలేదు. డీజిలు పోవుట తప్పనియు, అదే నిలువవలెననియు వాదించువారు ఆలూరులో లేరు. విశ్రాంత డ్రైవరు గారును అట్లనరు. “నా మనుమడు ఈ పని చేస్తే చెవులు మిగుల్తాయి, అంతే చాలు” అని వారి మాట.

అయినను పోయినదేదో పోయినది. పోయినదానిని నిలుపుకొనుటకు ఇంగ్లండు దేశస్థులు ఒక దారి వెదకికొనిరి. అచట ప్రధానమైన బాటలపై ఆవిరి బండ్లు 1968 ఆగస్టులో ఆగిపోయినవి. వాని స్థానమున వచ్చిన డీజిలు బండ్లను అచటివారును తొలుత ఏవగించుకొనిరి. తరువాత అవియు పాతబడగా వానిపై ప్రేమ పుట్టెను. డెర్బీషైరు పల్లెసీమలో డఫీల్డు నుండి వర్క్స్‌వర్తు వఱకు సుమారు తొమ్మిది మైళ్ళ చిన్న బాట కలదు. 2011 నుండి ఆ బాట పొడవునను పాత డీజిలు బండ్లను నడుపుచున్నారు. వానికి ఇంజను వేఱుగా నుండదు. ప్రయాణికుల పెట్టెల అడుగుననే యంత్రము అమర్చియుండును. జీతము లేకుండ పనిచేయువారే వానిని నడుపుదురు, మరమ్మతు చేయుదురు, టిక్కెట్లు అమ్ముదురు. చేతికి నూనె అంటించుకొను జ్ఞాపకము గౌరవింపదగినది. నిట్టూర్పుతో ముగియు జ్ఞాపకమునకు ఖర్చు లేదు, ఫలమును లేదు.

మన దేశమున ఢిల్లీలో 1977 నుండి జాతీయ రైలు సంగ్రహశాల కలదు. ఆవిరి ఇంజనులు, డీజిలు ఇంజనులు రంగులు పూసికొని బారులు తీఱియున్నవి. పిల్లలు ఎక్కి దిగుదురు, ఛాయాచిత్రములు తీసికొందురు. అది మంచిదే. కాని అచట నిలిపియుంచిన డీజిలు ఇంజను మౌనముగ నుండును. విగ్రహము వంటి ఇంజనును చూచి, అది గూడ్సుబండితో ఎక్కు నెక్కునపుడు ఎట్లు మూల్గెడిదో ఊహించుట అసాధ్యము. ఒక రకపు ఇంజనునైనను బ్రతికియుండగనే, అనగా నడచుచుండగనే నిలుపుకొనవలెను. అందులకు నూనె కావలెను, విడిభాగములు కావలెను. వాని కంటె ముందు, కడ్డీని చెవికి చేర్చి వినగల మనుష్యులు కావలెను. నూనెను కొనవచ్చును. విడిభాగములను పోతపోయవచ్చును. ఆ మనుష్యులు ఏటేట విశ్రాంతి పొందుచున్నారు.

చప్పుడును యంత్రములలో పట్టి దాచుకొనవచ్చును గదా యని నేటి పిల్లలు అడుగుదురు. ఆలూరు డ్రైవరు గారి మనుమడు ఆదోనిలో చదువుచున్నాడు. వాడు సెలవులకు వచ్చినపుడు తన ఫోనులో పాత ఆల్కో ఇంజను చిత్రమును చూపి, చప్పుడు పెద్దది చేసి, తాత మంచి చెవి ప్రక్కన నుంచెను.

“ఎట్లుంది తాతా? అదేనా?”

ఆయన కొంతసేపు విని తల అడ్డముగ నూపెను. “ఇది దాని ఈల మాత్రమేరా నాయనా. గొంతు యాడికి పోయె?”

ముసలివారి మాట చాదస్తముగ తోచవచ్చును గాని అది శాస్త్రసమ్మతమే. టర్బో చక్రము వేయు ఈల సన్నని ధ్వని. దానిని ఫోనులోని చిన్న స్పీకరు చక్కగా పలుకును. ఇంజను మూల్గు లోతైన ధ్వని. దానిని పలుకుటకు అగ్గిపుల్ల తలయంత స్పీకరునకు శక్తి చాలదు. ఆ మూల్గు చెవికి వినబడుట కంటె ముందు ప్లాటుఫారము రాతి గుండ పాదములకు తెలిసెడిది, పిదప ఱొమ్మునకు తెలిసెడిది. మనుమడు ఇంతవఱకు పాదములతో ఏ బండిని విని యెఱుగడు. “అయితే ఈలతోనే చెప్పు తాతా, ఇది ఎన్నో మెట్టు?” అని వాడు పట్టు విడువక అడిగెను. ఆయన కన్నులు మూసికొని “మూడు” అనెను. కొంత తడవునకు “నాలుగు”. చప్పున “వీడు తొందరపడె, పొగ లేస్తుంది చూడు” అనెను. చిత్రములో నల్లని పొగ లేచినది. నాటి నుండి ఇది వారిద్దఱికి ఆటయైనది. ఇప్పుడు మనుమడును అయిదవ మెట్టు వఱకు తప్పు లేక చెప్పగలుగుచున్నాడు. ఆఱు, ఏడు మెట్లకు భేదము వానికి ఇంకను చిక్కలేదు.

డీజిలు ఇంజనులు పూర్తిగా పోలేదు. తీగలలో విద్యుత్తు ఆగినపుడును, ప్రమాదము జరిగిన చోటికి సహాయపు బండి పోవలసినపుడును నేటికిని వానినే పిలుతురు. చైత్ర వైశాఖములందు ఆ సీమలో మొదట ఎఱ్ఱని దుమ్ము లేచి, పిదప గాలివాన విఱుచుకొని పడును. అట్టి గాలికి తీగ తెగినచో ఎంతటి విద్యుత్తు ఇంజనైనను బండితో పాటు పొలముల నడుమ దీపము లేక నిలిచిపోవలసినదే. గత వేసవిలో ఒక రాత్రి అట్లే జరిగినది. నిలిచిన బండిని లాగుకొని పోవుటకు గుంతకల్లు వైపు నుండి ఒక డీజిలు ఇంజను బయలుదేఱెను. మొలగవల్లి కడ బాట ప్రక్కన కల్లములో పడుకొనియున్న ఒక రైతు ఆ చప్పుడునకు లేచి కూర్చుండి, ఆలూరులోని డ్రైవరు గారికి ఫోను చేసి, మాట యేమియు ఆడక, ఫోనును బాట వైపునకు చాచి పట్టుకొనెను.

ఆలూరులో దీపము లేదు. వాన వెలిసి చూరు నుండి నీరు కారుచున్నది. ఆయన అరుగు మీద కూర్చుండి మంచి చెవికి ఫోనును ఒత్తిపట్టుకొని వినుచుండెను. మనుమడు ప్రక్కన వంగి తానును వినుచుండెను. ఇద్దఱికిని ఈల మాత్రమే వినబడుచుండెను. “ఆఱు” అని మనుమడనెను.

“ఏడు” అని తాత అనెను. “బరువెక్కువుంది. మెల్లగా పోతాడులే.”